సడక్ ఎవడబ్బ జాగీరు?

పంజాగుట్ట చౌరస్తాలో నడిచేవాడికి రోడ్డు దాటే సందు దొరకదు. నిమ్స్ ఆస్పత్రికి రిపోర్టుల సంచీ పట్టుకొచ్చిన ఊరి ముసలమ్మ, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చదవటానికొచ్చి హాస్టల్ గదిలో నలుగురితో ఇరుక్కుని పడుకునే మన వాడ పిల్లగాడు, రాత్రి షాపు షట్టర్ దింపి బస్సు కోసం నిలబడ్డ సేల్స్ పిల్ల, తెల్లారగట్ల చీపురు పట్టే సఫాయి అక్క - వీళ్ళందరికీ ఆ రోడ్డు పని జాగా, బతుకు జాగా. పైసా మదమెక్కిన కొందరికి మాత్రం అదే రోడ్డు ఆట జాగా. వాళ్ళ ఆటకు వీళ్ళ ప్రాణం పందెం. ఈ సంగతి మనం మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

పందెం అంటే ఏంది? నెక్లెస్ రోడ్డు మీద, కేబీఆర్ పార్కు చుట్టూ, ఐటీ కంపెనీల దిక్కు రాత్రిపూట గుంపులు కట్టి, ముందు చక్రం గాల్లోకి లేపి బండ్లు ఉరికించేవాళ్ళు మనకు తెలుసు. అడపాదడపా పోలీసులు బండ్లు పట్టుకుంటారు. తల్లిదండ్రుల్ని పిలిచి నాలుగు మంచిమాటలు చెప్పి పంపిస్తారు. పేపర్లో ఫొటో వస్తుంది. మళ్ళీ శనివారం రాత్రికి సైలెన్సర్ మోత మొదలు. కానీ గీత గీసి, బెట్టు కట్టి ఉరికిందే పందెం అనుకుంటే మోసపోతాం. పక్క బండివాడు దాటిపోయాడని రోషం తెచ్చుకుని యాక్సిలేటర్ తొక్కటం కూడా పందెమే. తాగి, దోస్తుల ముందు కారు ఎంత స్పీడు పోతదో చూపించటం కూడా పందెమే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ సైతం రేసు ఒక్కదాన్నే కాదు, పబ్లిక్ జాగాలో వేగం పరీక్షించటాన్ని కూడా నేరమనే అంటున్నది.

వేగం అంటే లెక్క. బడిలో పిల్లలకు చెప్పే లెక్కే. గంటకు 40 కిలోమీటర్ల మీద పోయే బండి ఒక్క సెకనుకు 11 మీటర్లు పోతుంది. వంద మీద పోయే బండి సెకనుకు దగ్గర దగ్గర 28 మీటర్లు పోతుంది. ఎదురుగా మనిషిని చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఆ సెకను అయిపోతుంది. బ్రేకు ఇంకా పడనే లేదు, బండి 28 మీటర్లు వచ్చేసింది! వేగం రెండింతలయితే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. మూడింతలయితే తొమ్మిదింతలు. ఆ దెబ్బ ఆపటానికి కారు లోపలివాడికి బెలూన్ ఉంది, బెల్టు ఉంది, చుట్టూ ఇనుప డబ్బా ఉంది. రోడ్డు దాటేవాడికి ఏముంది? ఒంటిమీద అంగీ ఉంది.

కేంద్ర ప్రభుత్వమే అచ్చేసిన లెక్క చూడండి. 2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద చనిపోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 71 మంది చావుకు అతివేగమే కారణమని రాశారు. కాలినడకన పోతూ చనిపోయినవాళ్ళే 32,825 మంది. అంటే రోజుకు తొంభై మంది. కలరా వచ్చి రోజుకు తొంభై మంది పోతే అసెంబ్లీలు, పార్లమెంటు అట్టుడికిపోవా? వీళ్ళు నడిచేవాళ్ళు కాబట్టి కిక్కురుమనేవాడు లేడు.

ఇప్పుడు మన నగరం సంగతి. 2016 జులై 1న పంజాగుట్టలో తాగి ఉన్న ఇంజనీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ ఎక్కి ఎగిరి అవతలి దారిలో పోతున్న కారు మీద పడింది. ఆ కారులో ఒక చిన్నపిల్ల ఉంది, ఆమె కుటుంబం ఉంది. పిల్ల బాబాయి అప్పుడే పోయాడు. పిల్ల ఆస్పత్రిలో వారం రోజులు కొట్టుకుని పోయింది. తర్వాత తాత పోయాడు. ఒక్క ఇంట్లో మూడు తరాల నుంచి మూడు శవాలు లేచాయి. ఊరంతా ఏడ్చింది, కొవ్వొత్తులు వెలిగించింది. 2019 నవంబరు 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద 40 దాటగూడని చోట వంద దాటి వచ్చిన కారు పైనుంచి కింద పడింది. కింద తన మానాన తాను నిలబడ్డ ఒక తల్లి చనిపోయింది. ఆమె చేసిన తప్పేంది? రోడ్డు పక్కన నిలబడటమా?

2022 మార్చి 17 రాత్రి జూబ్లీహిల్స్ 45వ నంబరు రోడ్డు. మహారాష్ట్ర నుంచి పొట్ట చేతబట్టుకొచ్చి సిగ్నళ్ళ దగ్గర బుగ్గలు అమ్ముకునే కుటుంబాన్ని ఒక కారు గుద్దింది. చంకలోని పసిగుడ్డు, రెండున్నర నెలల బిడ్డ, చనిపోయింది. కారు మీద ఎమ్మెల్యే స్టిక్కర్ ఉంది. ఆ బిడ్డ కోసం ఎన్ని కొవ్వొత్తులు వెలిగాయి? ఏ టీవీ వాడు ఎన్ని రోజులు మాట్లాడాడు? పంజాగుట్ట పిల్ల కోసం ఏడ్చినందుకు మనకు కోపం లేదు. ఏ తల్లి కడుపుకోతయినా కడుపుకోతే. అయితే చావు తర్వాత కూడా వరస తప్పదా ఈ దేశంలో? ఆ వరసలో బుగ్గలమ్ముకునే తల్లి బిడ్డ ఎక్కడ ఉంటుంది? అట్టడుగునేనా?

ఇంకా విడ్డూరం వినండి. ఆ జూబ్లీహిల్స్ కేసులో బండి నేనే నడిపానని ఒకతను వచ్చి లొంగిపోయాడు. కేసు సద్దుమణిగింది. 2023 డిసెంబరు ఆఖర్లో బేగంపేట ప్రజాభవన్ ముందు ఒక కారు బారికేడ్లను గుద్దింది. అక్కడా డ్రైవరే ముందుకు వచ్చాడు. నడిపింది బోధన్ మాజీ ఎమ్మెల్యే కొడుకనీ, అతన్ని తప్పించి డ్రైవర్‌ను ఇరికించారనీ పై అధికారులే తేల్చి, పంజాగుట్ట ఇన్‌స్పెక్టర్‌ను సస్పెండ్ చేశారు. 2024 జనవరి 31న ఆ స్టేషన్ సిబ్బందిని, ఎనభై మందికి పైగా, ఒక్క దెబ్బకు బదిలీ చేశారు. ఆ తర్వాత పాత జూబ్లీహిల్స్ కేసును కూడా తిరగదోడి, అందులోనూ అతని పేరే పెట్టారు. నేరం ఎవరిదో కోర్టు తేల్చాలి, తేలుస్తుంది. మనం అడిగేది వేరే మాట. స్టీరింగ్ మీద చెయ్యి ఒకరిది, బేడీలకు చెయ్యి ఇంకొకరిది - ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది మనకు కొత్త కాదు. దీని పేరు వెట్టి. గడీల కాలంలో దొర పొలం మనమే దున్నాలి, దొర మూట మనమే మొయ్యాలి, దొర ఇంట్లో పీనుగ లేస్తే కబురు మనమే మొయ్యాలి. ఇప్పుడు దొర కొడుకు చేసిన నేరం కూడా నౌకరే మొయ్యాలి. కూలి వెట్టి పోయి జైలు వెట్టి వచ్చింది! ఒక్క హైదరాబాదే కాదు. బొంబాయిలో 2002 సెప్టెంబరులో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్ళ మీదికి సినిమా హీరో సల్మాన్ ఖాన్ కారు ఎక్కింది. ఒకరు చనిపోయారు. పన్నెండేళ్ళు దాటాక, 2015లో, ఇంటి డ్రైవర్ కోర్టుకొచ్చి నడిపింది నేనే అన్నాడు. కింది కోర్టు ఆ మాట నమ్మక హీరోకు ఐదేళ్ళ శిక్ష వేసింది, అదే సంవత్సరం హైకోర్టు కొట్టేసింది. మరి ఆ ఫుట్‌పాత్ మనిషిని ఎవరు చంపినట్టు? 2024 మే 19న పూణేలో పదిహేడేళ్ళ పిల్లవాడు నడిపిన కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోతే, నేరం నెత్తిన వేసుకొమ్మని ఇంటి డ్రైవర్‌ను బంధించి బెదిరించారని పోలీసులు తండ్రి మీద, తాత మీద కేసు పెట్టారు. నెత్తురు శాంపిళ్ళు మార్చారని ప్రభుత్వ డాక్టర్లను కూడా అరెస్టు చేశారు. బాల నేరస్తుల బోర్డు ఆ పిల్లవాడికి మొదట వేసిన షరతు ఏందో తెలుసా? రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయటం! నేను బడిపంతుల్ని. హోంవర్క్ చెయ్యని పిల్లవాడికి మేము వేసే శిక్ష అది. రెండు ప్రాణాలకు అదే శిక్షట. మన వాడ పిల్లగాడు సైకిల్ దొంగిలించాడని అనుమానం వస్తే వ్యాసం రాయిస్తారా, వీపు మీద రాస్తారా?

'పెద్దోళ్ళ పిల్లలు కూడా చనిపోతున్నారు కదా, యాక్సిడెంటుకు కులమేందయ్యా' అని కొందరు అడుగుతారు. నిజమే. 2011లో క్రికెటర్ అజారుద్దీన్ కొడుకు వెయ్యి సీసీల బైకు మీద ఔటర్ రింగ్ రోడ్డులో పోయాడు, వెంట ఉన్న బంధువుల పిల్లవాడూ పోయాడు. 2017 మే నెలలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ కొడుకు కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభానికి కొట్టుకుని, అతనూ స్నేహితుడూ పోయారు. ఆ తండ్రుల దుఃఖాన్ని ఎగతాళి చేసేంత నీచులం కాము. కానీ ఒక తేడా ఉంది. ఆ స్పీడు ఆ పిల్లలు ఎంచుకున్నది. బుగ్గలమ్మే తల్లి చంకలో బిడ్డ దాన్ని ఎంచుకోలేదు. స్టీరింగ్ పట్టినవాడి కులం, మతం ఏదైనా కావచ్చు. అర్ధరాత్రి రోడ్డు మీద ఉండాల్సి వచ్చేది ఎవరు? ఊడ్చేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళు, అన్నం పొట్లాలు చేరేసే పిల్లలు. వాళ్ళు ఏ వాడల నుంచి వచ్చారో అడిగి చూడండి. యాక్సిడెంటు కులం అప్పుడు తెలుస్తుంది.

రోడ్డు ఎప్పుడూ అందరిదీ కాలేదు ఈ దేశంలో. గడీ ముందు నుంచి పోవాలంటే మన తాతలు చెప్పులు చేతబట్టుకుని నడిచారు. కేరళలోని వైకంలో గుడి చుట్టూ ఉన్న దారుల్లో నడిచే హక్కు కోసం 1924లో సత్యాగ్రహం మొదలుపెడితే 1925 దాకా కొట్లాడాల్సి వచ్చింది. గుళ్ళోకి పోవటానికి కూడా కాదు, ఉట్టి రోడ్డు మీద నడవటానికి!

అదంతా పాత కథ అంటారా? అయితే పంజాగుట్టకే రండి. 2019 ఏప్రిల్ 13న, జయంతికి ఒక్కరోజు ముందు, అక్కడ పెట్టిన బాబాసాహెబ్ అంబేద్కర్ విగ్రహాన్ని జీహెచ్ఎంసీ వాళ్ళు తీసేశారు. ఎందుకయ్యా అంటే అనుమతి లేదట! రాజ్యాంగం రాసిన మనిషిని చెత్తబండి ఎక్కించి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు తోలారు. నాలుగేళ్ళు కొట్లాడితే గాని 2023 ఏప్రిల్ 14న ఆ చౌరస్తాలో మళ్ళీ విగ్రహం లేవలేదు. ఇప్పుడు ఆ 189వ సెక్షన్ మళ్ళీ తెరవండి. రోడ్డు మీద రేసు పెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలని అందులో ఉంది. శనివారం రాత్రి ఉరికే ఏ బండివాడి జేబులో ఆ కాగితం ఉంది? కదలకుండా నిలబడి వేలు చూపించే అంబేద్కర్‌కు అనుమతి కావాలి, మనుషుల మీదికి ఉరికే కారుకు అక్కర్లేదా? అనుమతి లేని విగ్రహానికి రాత్రికి రాత్రే బండి వచ్చింది. అనుమతి లేని రేసుకు ఏ బండి వచ్చింది?

చట్టం లేదని ఎవరన్నా అంటే నమ్మకండి. 2019 సవరణ తర్వాత రేసుకు మొదటిసారి మూడు నెలల జైలు లేదా ఐదువేల జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా. మైనర్ పిల్లవాడికి బండి ఇస్తే 199-ఎ కింద తండ్రికో, బండి ఓనరుకో మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు నిండేదాకా లైసెన్సు ఇవ్వకూడదు. నిర్లక్ష్యంతో మనిషిని చంపితే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 106(1)లో ఐదేళ్ళ దాకా. చావు వస్తుందని తెలిసీ చేశాడని రుజువైతే 105 కింద పదేళ్ళ దాకా పడుతుంది. కాబట్టి ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ రాశారన్న దగ్గరే సగం న్యాయం తేలిపోతుంది.

అందుకే కార్యకర్తలకు చెప్తున్నాం. మన మనిషికి దెబ్బ తగిలితే ముందు ఆస్పత్రి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకు ఏడు రోజుల దాకా, లక్షన్నర దాకా, పైసా కట్టకుండా వైద్యం చేసే పథకం ఉంది, దాన్ని పేరు పెట్టి అడగండి. రెండోది, చుట్టుపక్కల షాపుల్లో కెమెరాల బొమ్మలు చెరిగిపోకముందే తీసుకొమ్మని పోలీసులకు కాగితం మీద రాసి ఇచ్చి, అందిందని సంతకం తీసుకోండి. నడిపిందెవరో తేలేది అక్కడే. మూడోది, గుద్దిన బండి దొరక్కపోయినా చావుకు రెండు లక్షలు, పెద్ద గాయానికి యాభై వేలు సర్కారు ఇవ్వాలి. తహసీల్దారో ఆర్డీవోనో పట్టుకుని అడగండి. బండి దొరికితే ట్రిబ్యునల్లో నష్టపరిహారం కేసు ఆరునెలల్లోపే వెయ్యండి. శవం లేవకముందే వచ్చి ఇరవైవేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగేవాడిని వాడ పొలిమేర దాటించండి.

డ్రైవర్ తమ్ముళ్ళకు ఒక మాట. మీరు అమ్మేది మీ పని, మీ జీవితం కాదు. సార్ కొడుకు నేరం మీ మెడకు చుట్టుకుంటే మీ లైసెన్సు పోతుంది, మీ పిల్లల అన్నం పోతుంది, సార్ ఇచ్చిన మాట కూడా పోతుంది. ఒప్పుకోకండి. బెదిరిస్తే సంఘానికి చెప్పండి.

మన పిల్లలకూ ఒక మాట. కిస్తీల మీద తెచ్చిన బైకును కార్లవాళ్ళకు పోటీగా ఉరికిస్తే మీరు హీరోలు కారు. ఆ ఆటలో వాళ్ళు ఓడితే వకీలు వస్తాడు, మనం ఓడితే శవపేటిక వస్తుంది. అమ్మ కూలి చేసి అమీర్‌పేట పంపింది స్పీడోమీటర్ ముల్లు చూడటానికి కాదు. రేసు చూస్తూ ఈలలు వేసే గుంపులో కూడా నిలబడకండి. ఆ ఈల రేపు ఎవరో ఊడ్చే అక్క ప్రాణం తీస్తుంది.

మన డిమాండ్లు ఇవి. రేసు కేసుల్లో మంచిమాటలు చాలించి 189, 199-ఎ సెక్షన్లు పెట్టాలి. చావు కేసుల్లో బండి ఎవరు నడిపారో కెమెరా సాక్ష్యంతో తేల్చిందాకా 'నేనే నడిపా' అన్న డ్రైవర్ మాట మీద కేసు ముయ్యగూడదు. రాత్రి, తెల్లారగట్ల ఊడ్చే కార్మికుల చుట్టూ బారికేడ్లు, దీపాలు, వెలిగే కోట్లు ఇవ్వాలి. అమీర్‌పేట, పంజాగుట్టల్లో నడిచేవాడికి ఫుట్‌పాత్, దాటేదారి, దాటేంత సమయం ఉండాలి.

చెప్పులు చేతబట్టుకుని నడిచే కాలం పోయింది. ప్రాణం చేతబట్టుకుని నడిచే కాలం మాకొద్దు. సడక్ ఎవడబ్బ జాగీరూ కాదు. మా చెమటతో వేసిన రోడ్డు, మా చీపురుతో ఊడ్చిన రోడ్డు. దాని మీద తల ఎత్తి నడుస్తాం, బతికి ఇంటికి చేరుతాం.

జై భీమ్!