కొత్త పిల్లికి మన ఇల్లు



పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలంటారు. తల్లి పిల్లి తిప్పితే పిల్లలకు భయముండదు. మనం తెచ్చుకున్న పిల్లికూనకు మాత్రం తల్లీ ఉండదు, తెలిసిన వాసనా ఉండదు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాం.

కొన్నేళ్ళ క్రితం ఎలుకల బాధ పడలేక పక్క ఊరి నుండి గోనెసంచిలో ఒక పిల్లికూనను తెచ్చాం. నడింట్లో సంచి విప్పగానే పిల్లలు చుట్టూ మూగారు. ఒకరు తోక పట్టుకున్నారు, ఒకరు ఎత్తుకోబోయారు. వాకిట్లో కుక్క మొరిగింది. అది బెదిరి అటకెక్కి, రాత్రికి పెంకుల సందులోంచి ఎటో పోయింది. మా చిన్నమ్మాయి వారం రోజులు గడపలో పాలగిన్నె పెట్టుకుని కూర్చుంది. “అమ్మా, మనమే దాన్ని భయపెట్టాం కదా?” అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండవసారి తెచ్చే ముందు పశువుల డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాం. ఆ విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

తెచ్చే ముందు: పిల్లికూనకు కనీసం 8 వారాలు నిండాలి. 12 వారాలైతే ఇంకా మంచిది. ఎంత గట్టిగా కొరకకూడదో తోటి పిల్లలతో ఆడుకుంటూనే అది నేర్చుకుంటుంది. సంచిలో కాక మూత ఉన్న బుట్టలో తీసుకురండి. అది పడుకున్న పాతగుడ్డ ఒకటి అడిగి అందులో వేయండి. తెలిసిన వాసన దానికి ధైర్యం.

మొదట ఒక్క గదే: తలుపులు, సందులు మూసిన ఒక చిన్న గది కేటాయించండి. ఒక మూల అన్నం గిన్నె, నీళ్ళ గిన్నె. వాటికి దూరంగా మరో మూల వెడల్పాటి తొట్టిలో పొడి ఇసుక ఉంచండి. దాక్కోవడానికి ఒక అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టండి. పిల్లి మంచం కింద దూరితే చేయి పెట్టి లాగవద్దు. పిల్లల్ని నేలమీద కూర్చుని మెల్లగా మాట్లాడమనండి. కళ్ళలోకి గుచ్చి చూడకుండా, నెమ్మదిగా కళ్ళు మూసి తెరిస్తే పిల్లికి నమ్మకం కలుగుతుంది. అదే దగ్గరకు వచ్చి వాసన చూసిన తరువాతే నిమరాలి. రోజంతా ఏమీ తినకపోతే మాత్రం ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.

ఆహారం: పిల్లికి పాలే ప్రాణమనుకుంటాం. కానీ ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లులకు అరగక విరేచనాలవుతాయి. మంచినీళ్ళే మేలు. పెరుగన్నం ఒక్కటే పెట్టినా చాలదు. టారిన్ అనే పదార్థం లోపిస్తే పిల్లుల గుండె బలహీనపడుతుందని 1987లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది మాంసంలో, చేపల్లో ఉంటుంది. కనుక ఉప్పూకారం లేకుండా ఉడికించి, ముల్లూ ఎముకా తీసి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టవద్దు. అవి దాని రక్తాన్ని పాడుచేస్తాయి.

ప్రమాదాలు: ఇంట్లో పిల్లి ఉంటే ఎలుకల మందు పెట్టకండి. మందు తిన్న ఎలుకను తిని పిల్లీ చస్తుంది. జ్వరానికి మనం వేసుకునే పారాసెటమాల్ ఒక్క బిళ్ళ చాలు, దాని ప్రాణం పోవడానికి. సూదీదారం కూడా అందకుండా దాచండి.

మన ఆరోగ్యం: సుమారు 3 నెలల వయసులో రేబిస్ టీకా, డాక్టరు చెప్పినట్టు నట్టల మందు వేయించాలి. పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా పసుపు, సున్నం రాయక, ధారగా పడే నీళ్ళతో సబ్బుపెట్టి 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఇసుకతొట్టిని రోజూ శుభ్రం చేయాలి. గర్భిణీ స్త్రీలు ఆ పని చేయకూడదు. దానివల్ల కడుపులోని బిడ్డకు హాని చేసే వ్యాధి రావచ్చు. పిల్లి 4, 5 నెలలకే చూలు కట్టగలదు. కాబట్టి ఆపరేషన్ గురించి ముందుగానే డాక్టరును అడగండి.

ఇల్లంతా చూపేటప్పుడు: తిండి తింటూ, ధైర్యంగా తిరుగుతున్నప్పుడు రోజుకొక గది చూపించండి. కుక్క ఉంటే మొదట ఒకదాని గుడ్డను మరొకదానికి వాసన చూపించి, తరువాత కుక్కను గొలుసుతో కట్టి దూరం నుండి చూపాలి. కనీసం 2, 3 వారాలు బయటకు వదలవద్దు. ఆ తరువాత కూడా ఇంట్లోనే పెరిగితే దానికి కుక్కల భయం, బండ్ల భయం ఉండవు.

మా రెండవ పిల్లి మూడు రోజులు మంచం కింద నుండి రాలేదు. మా అమ్మాయి తన పలక, పుస్తకాలు తీసుకుని ఆ గదిలోనే చదువుకునేది. నాలుగవ రోజు సాయంకాలం అది మెల్లగా వచ్చి ఆమె పాదం మీద తల ఆనించి పడుకుంది. “అమ్మా, కాలు తిమ్మిరెక్కింది, అయినా కదపను” అని గుసగుసగా చెప్పింది. మొదటిసారి ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నాకు అప్పుడు దొరికింది. ఆ మొదటి కూన మనల్ని కాదని వెళ్ళలేదు. మనమే దానికి నాలుగు రోజుల వ్యవధి ఇవ్వలేదు.