మన కొండలు వట్టి రాళ్ళా?

మొన్న తొమ్మిదవ తరగతిలో ఆంగ్లపాఠము చెప్పుచుంటిని. ఇంగ్లండు దేశపు దక్షిణభాగమున సుద్దకొండలు కలవు. వానిపై పొట్టి పచ్చిక పఱచుకొని యుండును. అందు కుందేళ్ళు పరుగిడును. భరతపక్షులు నింగికెగసి పాడును. ఆ కొండలపై కాలినడకన తిరుగుచు, కనబడిన ప్రాణినెల్ల పేరుతో గుర్తించుట అచ్చటివారికి గొప్ప వినోదము. ఇది చెప్పి, "మన పావగడ కొండలమీద మీరేమి చూచితిరి?" అని యడిగితిని. ఒక బాలుడు లేచి, "మన కొండలమీద రాళ్ళు తప్ప ఏముంది సార్?" అనెను. తరగతి యంతయు నవ్వినది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట వాడు పుట్టించినది కాదు; పెద్దలమగు మనము నేర్పినదే.

రాళ్ళనే తీసికొందము. సుద్ద, సముద్రమున బ్రదికిన అతిసూక్ష్మజీవుల గుల్లలు పేరుకొనగా నేర్పడినది. ఇంగ్లండు సుద్దకొండల వయస్సు సుమారు 10 కోట్ల సంవత్సరములకు మించదు. మన కొండరాయి భూగర్భమున కరగి గడ్డకట్టిన క్లోజుపేట గ్రానైటు. క్లోజుపేట యనునది రామనగరమునకు పూర్వనామము. అచ్చటినుండి ఉత్తరముగా మన తాలూకా మీదుగా సాగిన యీ శిలాపంక్తి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు!

గత శ్రావణమున ఒక ఆదివారము ఉదయము పదిమంది విద్యార్థులతో ఊరి వెలుపలి కొండ యెక్కితిని. ఒక గొఱ్ఱెల కాపరి దారి చూపెను. బోదగడ్డి చెంత అడుగు పెట్టగనే కౌజుపిట్టల జంట బుఱ్ఱున లేచి, పిల్లలను హడలగొట్టినది. ఎండ యెక్కగా ఒక గుండుపై రాతితొండ కనబడెను. వీపు ఎఱ్ఱన, ప్రక్కలు నల్లన. ఆడుదానిని మెప్పించుటకు మగతొండ ధరించు వేషమది. దానిని చూచుచు పిల్లలు పావుగంట కదలలేదు. తరగతిలో వారంతసేపు నిశ్చలముగా కూర్చుండగా నేనెన్నడును చూడలేదు. నెమలి కూత వినబడినది గాని నెమలి కానరాలేదు.

ఇంకను పైకి పోగా ఒక చెదలపుట్ట త్రవ్వబడి యుండెను. కాపరి వంగి చూచి, "అయివారూ, ఇది రాత్రి ఎలుగ్గొడ్డు తవ్విండేది. ఆ గుండ్ల సందులోకి పిల్లోల్లను పోనీకండి" అనెను. మేమచ్చటినుండియే వెనుదిరిగితిమి. ఎలుగుబంటి చెదలనే కాక రేగు, నేరేడు మొదలగు పండ్లను తినును. గింజలు దాని పేడతో దూరమునకు పోయి మొలకెత్తును. మనము నాటని చెట్లను నాటు తోటమాలి యది.

దిగివచ్చునప్పటికి పిల్లల పుస్తకమున పందొమ్మిది పేళ్ళు చేరినవి. ప్రతి పేరునకు ప్రక్కన కన్నడపదమును వ్రాయించితిని. తోడేలు అచ్చట తోళ, ఉడుము ఉడ, నెమలి నవిలు. రెండు భాషలు అక్కచెల్లెండ్రని వ్యాకరణమున చెప్పినపుడు నమ్మనివారు ఆనాడు నమ్మిరి. కొన్ని పిట్టల పేళ్ళు కాపరికి తెలిసినవి, నాకు తెలియవు. సిగ్గుపడి వ్రాసికొంటిని.

పేళ్ళకై యింత పట్టుదల ఎందులకని కొందఱడిగిరి. భారతప్రభుత్వము 2000 సంవత్సరమున ప్రకటించిన వ్యర్థభూముల పటములలో పొదలుగల నేలలును, రాతినేలలును వ్యర్థభూములుగనే లెక్కింపబడినవి. కాగితముపై వ్యర్థమైనదానిని ఏమిచేసినను అడుగువాడుండడు. నాగలమడిక హోబళిలోని అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములపై 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము వెలసినది, 2018లో ప్రారంభమైనది. వానలు లేక నలిగిన రైతులకు కౌలు సొమ్ము లభించుట నేను కాదనను. విద్యుత్తును వలదనను. కాని ఆ నేలపై అంతకుముందు ఏయే ప్రాణులు తిరిగెనో తెలుపు కాగితమొక్కటియు మాయొద్ద లేదు. ఆ తప్పు మాది.

పొరుగున మధుగిరి తాలూకా మైదనహళ్ళి పచ్చికబయలు సుమారు 800 ఎకరములు 2007లో జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రదేశమైనది. దానిని కూడ బీడు అనియే యందురు కొందఱు. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. కాపురము మాత్రము కర్ణాటకమున! మూడువైపుల ఆంధ్రదేశము చుట్టుకొనగా కర్ణాటకమున తెనుగు చదువుకొను మన పిల్లలకు అది చుట్టమే గదా.

మఱియొక మాట. వేసవిలో కొండగడ్డికి నిప్పు పెట్టు అలవాటు కొన్ని యూళ్ళలో కలదు. క్రొత్త గడ్డి వచ్చునని చెప్పుదురు. నేలపై గూడుకట్టు కౌజుల గ్రుడ్లును, నేరేడు మొలకలును ఆ మంటలోనే పోవును. మీ యింటివారు ఆ పని చేయబోయినచో అడ్డుచెప్పుడు. అవిధేయత యని నేను తప్పుపట్టను.

పందొమ్మిది పేళ్ళ పుస్తకమును గ్రంథాలయపు బల్లపై ఉంచితిమి. "రాళ్ళు తప్ప ఏముంది" అనిన బాలుడే దానికి అట్టవేసెను. కాపరి చెప్పిన పేళ్ళలో మూడింటికి కన్నడపదముల గడి ఖాళీగా నున్నది. మీ తాతలనడిగి వచ్చి వ్రాయుడు.