పేదరికమే పతకాలు తెస్తుందా?

జూనియర్ స్థాయి అంతర్జాతీయ పోటీల్లో పతకాలు గెలిచిన వారికి ఇచ్చే నగదు పురస్కారాలను కేంద్ర క్రీడా మంత్రిత్వశాఖ 2025 ఫిబ్రవరి 1 నుంచి ఎత్తేసింది. అప్పటిదాకా ప్రపంచ జూనియర్ విజేతకు రూ.13 లక్షలు, ఆసియా జూనియర్ విజేతకు రూ.5 లక్షలు వచ్చేవి. ఆ కోతతో పైసా కూడా రాకుండా పోయింది. ఒలింపిక్ స్వర్ణానికి రూ.75 లక్షలు, ఆసియా క్రీడల స్వర్ణానికి రూ.30 లక్షలు మాత్రం యథాతథంగా ఉంచారు. ఈ కోతకు మంత్రిత్వశాఖ వర్గాలు చెప్పిన కారణాల్లో ఒకటి చదివి ఊరుకోవడం మా వల్ల కావడం లేదు. చిన్న వయసులోనే డబ్బు చేతికొస్తే గెలవాలన్న ఆకలి చచ్చిపోతుందని, సీనియర్ స్థాయికి చేరేసరికి పిల్లలు చల్లబడిపోతున్నారని వారి వాదన.

ఇది పచ్చి అబద్ధం. మన కళ్లెదుటి చరిత్రే ఆ మాట చెబుతోంది. 2012 జులైలో దక్షిణ కొరియాలోని గిమ్‌చియాన్‌లో జపాన్ అమ్మాయి నొజోమి ఒకుహారాను ఓడించి పి.వి.సింధు ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ చాంపియన్ అయింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. మరుసటి ఏడాదే గ్వాంగ్‌జౌలో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం నెగ్గి, సింగిల్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళగా నిలిచింది. రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచాక తెలంగాణ ప్రభుత్వం రూ.5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రూ.3 కోట్లు ప్రకటించాయి. మన ఆంధ్రప్రదేశ్ డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం కూడా ఇచ్చింది. రియో నాటికి ఆమెకు ఇరవై ఒక్క ఏళ్లు. డబ్బే ఆకలిని చంపేదైతే సింధు ఆట అక్కడితో ముగిసిపోవాలి. కానీ 2019లో బాసెల్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో అదే ఒకుహారాను 21-7, 21-7తో చిత్తుచేసింది. ఆ తర్వాత టోక్యోలో ఒలింపిక్ కాంస్యమూ తెచ్చింది. 2018లో ఆసియా జూనియర్ స్వర్ణం నెగ్గిన లక్ష్యసేన్ మూడేళ్లకే ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచి, ఆ మరుసటి ఏడాది ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ చేరుకున్నాడు. వీళ్లలో ఎవరి ఆకలి చచ్చిపోయిందో మంత్రిత్వశాఖ చెప్పాలి.

ఇంకో సంగతి. పెద్దలకు రూ.75 లక్షలిస్తే ప్రోత్సాహం, పదహారేళ్ల పిల్లకు రూ.5 లక్షలిస్తే చెడగొట్టడం ఎలా అవుతుంది? మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నాటి క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి రూ.7 కోట్లు ప్రకటించినప్పుడు ఆకలి మాట ఎవరూ ఎత్తలేదు. గెలిచి పేరు తెచ్చుకున్న వారికి దండలేసే చోట డబ్బుకు కొదవ లేదు. పేరు రాని పిల్లల దగ్గరికి వచ్చేసరికే ఈ నీతులు గుర్తొస్తున్నాయి.

ఆ రూ.5 లక్షలు ఎక్కడికి పోతాయో గోదావరి జిల్లాల్లో షటిల్ ఆడే పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. పోటీ స్థాయి సాధనకు ఈకల షటిల్ తప్పనిసరి. ఒక్కో షటిల్‌కు పదహారు ఈకలు. నాలుగు గట్టి స్మాష్‌లకు ఒక ఈక చీలితే చాలు, గాల్లో వంకర తిరుగుతుంది, ఇక పక్కన పడేయాల్సిందే. మంచి రకమైతే డజను డబ్బా రెండు వేల రూపాయలు దాటింది. రాకెట్ గట్టింగ్ తెగినప్పుడల్లా మళ్లీ ఖర్చు. కోర్టు మీద జారని బూట్లు కొన్ని నెలలకే అరిగిపోతాయి. పక్క రాష్ట్రంలో టోర్నీ అంటే బిడ్డ వెంట తల్లో తండ్రో వెళ్లాలి. రైలు ఛార్జీలు, లాడ్జి అద్దె, పోయిన రోజుల కూలి అన్నీ ఆ ఇంటి మీదే. చాలా విదేశీ టోర్నీలకూ సొంత డబ్బుతోనే వెళ్లాల్సి వస్తోంది. ఆసియా జూనియర్ పోటీల్లో ముందు మిక్స్‌డ్ టీమ్ మ్యాచ్‌లు, వెంటనే వ్యక్తిగత విభాగాలు. అక్కడి దాకా వెళ్లి దేశానికి పతకం తెచ్చిన బిడ్డకు ఆ రూ.5 లక్షలు విలాసం కోసం కాదు, తండ్రి చేసిన అప్పు తీర్చడానికి.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో దుబాయ్‌లో చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా చాంపియన్‌షిప్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 1965లో దినేశ్ ఖన్నా తర్వాత 58 ఏళ్లకు ఆ పోటీల్లో మన దేశానికి దక్కిన స్వర్ణం అది. సాత్విక్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆట తెలిసిన ఇల్లు, నెల తిరిగితే జీతం వచ్చే ఇల్లు కాబట్టి పద్నాలుగేళ్ల బిడ్డను హైదరాబాద్‌లోని గోపీచంద్ అకాడమీకి పంపగలిగారు. అదే ప్రతిభ ఉన్న కౌలు రైతు బిడ్డ ఏమవుతాడు? పదో తరగతి కాగానే రాకెట్ అటక మీదికి, అబ్బాయి కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు వెళ్లడమే మన ప్రాంతంలో ఏటా చూస్తున్నాం. ఆ పిల్లలను ఆటకు దూరం చేస్తున్నది చేతికొచ్చిన డబ్బు కాదు, రాని డబ్బు. ధనవంతులైతే తప్ప పిల్లల్ని ఆటల్లోకి దించొద్దని పుల్లెల గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో తల్లిదండ్రులను హెచ్చరించారు. ఇందరు చాంపియన్లను తయారుచేసిన గురువు నోట ఆ మాట వచ్చిందంటే ప్రభుత్వం తలదించుకోవాలి. తలదించుకోకపోగా, ఉన్న ఆసరానూ లాగేసుకుంది.

జూనియర్లకు నగదు ఇచ్చే దేశం మనదొక్కటేనన్న వాదననూ ముందుకు తెస్తున్నారు. ఇండోనేసియాలో క్లబ్బులు, మలేసియాలో క్రీడా పాఠశాలలు, చైనాలో ప్రభుత్వమే ప్రతిభ ఉన్న పిల్లలను చిన్నప్పుడే చేరదీసి తిండి, వసతి, శిక్షణ అన్నీ చూస్తాయి. అక్కడ ఖర్చు గెలవడానికి ముందే పెడతారు. ఇక్కడ గెలిచేదాకా పట్టించుకోం, గెలిచాకా ఇవ్వబోమంటే ఆ దేశాలతో పోలిక ఎలా కుదురుతుంది?

కోతకు చెప్పిన మిగతా కారణాలు వయసు దొంగతనాలు, డోపింగ్. అవి ఉన్న మాట నిజమే. వాటికి ఎముకల పరీక్ష ఉంది, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా) ఉంది, తప్పు చేసిన వారిపై నిషేధం ఉంది. ఇక పిల్లల శిక్షణకు కేంద్రం ఇచ్చే ఖేలో ఇండియా సాయం మంచిదే గానీ, 2025 నాటికి దేశం మొత్తంమీద అన్ని ఆటలకూ కలిపి మూడు వేల మందికి కూడా అది అందలేదు.

అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు ఎంపీలు ఈ విషయంపై క్రీడా మంత్రి మన్‌సుఖ్ మాండవీయను పార్లమెంటులోనే నిలదీయాలి. నరసాపురం ఎంపీ కేంద్రంలో సహాయ మంత్రిగా ఉన్నారు, ఆయన బాధ్యత ఇంకా ఎక్కువ. వయసు పరీక్షలో నెగ్గిన ప్రతి జూనియర్ విజేతకూ పురస్కారం పునరుద్ధరించాలి. 2025 ఫిబ్రవరి 1 తర్వాత గెలిచిన వారికీ బకాయితో సహా చెల్లించాలి.