రేసు కార్లకు పేష్కష్

పద్మనాభం కొండ కింద టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. పక్కనే ఓ కుర్రాడు ఫోనులో కార్ల రేసు చూస్తున్నాడు. "ఇలాటిది మన వైజాగ్‌లో ఎందుకెట్టరు బాబూ? బీచ్ రోడ్డుంది కదేటి?" అన్నాడు. బడ్డీ ఆయన గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే, "ఎడితే మనకేటొస్తాది?" అన్నాడు. కుర్రాడికి నేనేం చెప్పలేదు గానీ, బడ్డీ ఆయన ప్రశ్న మాత్రం ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

జవాబు కోసం దూరం పోనక్కర్లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. బ్యాటరీ కార్లు కాబట్టి గర్జన లేదు, కందిరీగల గుంపు పోయినట్టు సన్నటి రొద. ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ట్రాక్ కోసం ఎన్టీఆర్ మార్గ్ మూసేసిన రోజుల్లో ఖైరతాబాద్‌లో ఇరుక్కుపోయిన మా బంధువొకాయన ఫోన్ చేసి, రేసు పెట్టినవాళ్లని ఏడు తరాలూ కలిపి తిట్టాడు.

ఆ ఒక్క రేసుతో నగరానికి దాదాపు 700 కోట్ల మేలు జరిగిందని నీల్సన్ నివేదికను చూపించి చెప్పారు. ఇలాంటి లెక్కల్లో సాధారణంగా హోటల్ గదుల నుంచి టీవీలో ఊరి పేరు కనబడిన విలువ దాకా అన్నీ కలుస్తాయి. ఖజానాకి చేరేది వేరే అంకె. సరే, అంత మేలే ఉంటే మొదటి ఏడాది డబ్బు పెట్టిన ప్రైవేటు ప్రమోటర్ రెండో ఏడాదికి ఎందుకు తప్పుకున్నట్టు? ఆ ఖాళీలోకి ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ వచ్చింది. పన్నుతో కలిపి దాదాపు 55 కోట్లు కట్టింది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రేసు జనవరిలోనే రద్దయింది. ఆ చెల్లింపుల మీద అప్పటి మంత్రి కేటీఆర్‌పైనా, ఇద్దరు అధికారులపైనా ఏసీబీ 2024 డిసెంబర్‌లో కేసు పెట్టింది. తాను ఏ తప్పూ చేయలేదని కేటీఆర్ అంటున్నారు. అది కోర్టు తేల్చాల్సిన సంగతి. నాకు కావలసింది వేరే: రేసు రాలేదు, డబ్బు మాత్రం వెళ్లింది.

ఈ వ్యాపారం పద్ధతే అలాంటిది. ఫార్ములా వన్‌లో రేసు పెట్టుకునే ఊరు హక్కుదారుకి ఏటా ఫీజు కట్టాలి. టీవీ హక్కుల డబ్బు వాళ్లది. ట్రాక్ పక్కన ప్రకటనల బోర్డులు, పెద్ద కంపెనీల అతిథుల విందులూ చాలాచోట్ల వాళ్లవే. మనకి మిగిలేది ముఖ్యంగా టికెట్ల డబ్బు. రేసుకి పుట్టిల్లనదగ్గ బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ కూడా, ఫీజు ఏటా 5 శాతం పెరిగే షరతు మోయలేక 2017లో పాత ఒప్పందం నుంచి బయటికొచ్చే నిబంధన వాడుకుంది. మలేసియా 1999 నుంచి సెపాంగ్‌లో నడిపి 2017తో చాలనుకుంది. దక్షిణ కొరియాలోని యోంగామ్ నాలుగు రేసులకే చతికిలబడింది. మన గ్రేటర్ నోయిడాలో బుద్ధ సర్క్యూట్ కథ ఇంకా చిన్నది: 2011, 2012, 2013. మూడూ డ్రైవర్ వెటెలే గెలిచాడు, ఆ తర్వాత ఫార్ములా వన్ తిరిగి రాలేదు. ఇది ఆటా, వినోదమా, పన్ను ఎంత అన్న పేచీ మాత్రం రేసుల కంటే ఎక్కువ కాలం నడిచింది.

పద్మనాభంలో కూర్చుని ఇది రాస్తుంటే ఒక మాట తప్పించుకోలేను. 1794 జూలై 10న ఇక్కడే విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచాడు. గంట కూడా పట్టని యుద్ధం. గొడవ మొదలైంది పేష్కష్ బాకీ దగ్గర. పంట పండినా ఎండినా కంపెనీకి కట్టాల్సిన కప్పం అది. రేసు ఫీజుకి అంతకన్నా సరైన తెలుగు మాట నాకు దొరకలేదు. తేడా ఒక్కటే, అప్పట్లో కంపెనీ అడిగితే కట్టేవాళ్లు, ఇప్పుడు మనమే వెంటపడి మరీ కడుతున్నాం.

విశాఖకి ముందుగా డబ్బు కట్టి చేతులు కాల్చుకున్న అనుభవమూ ఉంది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ వస్తుందని రాష్ట్ర ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే కంపెనీకి 11 కోట్లు ఇచ్చింది. ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌లో వెలిసింది, మనకి సీబీఐ విచారణ మిగిలింది.

మళ్లీ పద్మనాభం కొండ దగ్గరికే వస్తే, ఇక్కడ ఏటా కార్తీక అమావాస్యనాడు గుడిలోని అనంత పద్మనాభస్వామి పేరిట అనంతుని దీపోత్సవం జరుగుతుంది. వెయ్యి పైచిలుకు మెట్ల మీద దీపాలు. ఆ రాత్రి నూనె అమ్మినవాడి దగ్గర్నుంచి ఆటో నడిపినవాడి దాకా సంపాదించిన రూపాయి ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది. దానికి లండన్‌లో ఎవరికీ ఫీజు కట్టలేదు.

రేసు వద్దని నేననను. సొంత డబ్బుతో ఎవరైనా పెడతానంటే బీచ్ రోడ్డుకి అద్దె వసూలు చేసి ఇవ్వండి, కుర్రాడితో పాటు నేనూ టికెట్ కొంటాను. ప్రజల డబ్బుతో పెడతామంటే మాత్రం సంతకం చేయకముందే ఒప్పందం కాగితం తెలుగులో బయటపెట్టండి. ఫీజెంత, ఏటా ఎంత పెరుగుతుంది, రేసు జరక్కపోతే ఎవరు ఎవరికి కట్టాలి, ఈ మూడూ అందులో ఉండాలి. ఒక కాపీ పద్మనాభం టీ బడ్డీకి కూడా పంపండి. అడిగింది ఆయనే.

– గోస్తని