పాత కంపైలర్లకి తద్దినాలు ఇంకెన్నాళ్ళు?

ఏ పాత సీ++ కోడు తెరిచినా మొదటి హెడర్ ఫైల్లోనే ఇఫ్‌డెఫ్‌ల వరస. విజువల్ సీ++ 6 అయితే ఇది, జీసీసీ 2.95 అయితే అది. మొదటిది 1998లో వచ్చింది, రెండోది 1999లో. వాటితో ఈ కోడుని ఆఖరిసారి ఎవరు కంపైల్ చేశారో ఎవరికీ గుర్తులేదు. తీసేద్దామంటే మాత్రం సీనియర్లందరిదీ ఒకటే మాట: "పనిచేస్తోందిగా, ఎందుకు కెలకడం?"

పనిచేస్తోందని ఎవరు చెప్పారండీ?

అప్పట్లో అవి అవసరమే, కాదనను. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ ఉండేది కాదు. అందుకని ముందు అండర్‌స్కోర్ ఉన్న వాళ్ళ సొంత ఫంక్షన్‌ని ఆ పేరుతో వాడేలా మాక్రో రాసుకున్నాం. విజువల్ స్టూడియో 2015లో అసలు ఫంక్షన్ వచ్చేసింది. మాక్రో మాత్రం పోలేదు.

తేడా ఏముందంటారా? బఫర్ చాలకపోతే అసలుది చివర్లో సున్నా పెట్టి ఆపుతుంది. అండర్‌స్కోర్‌ది పెట్టదు. మాక్రో స్టాండర్డ్ హెడర్ కంటే ముందుంటే కొత్త కంపైలర్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. తర్వాత ఉంటే కిక్కురుమనదు. ఒక ప్రాజెక్టులో నేను మూడు రాత్రులు వెతికింది సరిగ్గా దీన్నే. వర్షన్ చెక్ లేకుండా ఎవరో రాసిన ఒక్క లైను!

మన కోడు లినక్స్ కెర్నల్ కంటే పెద్దదా? వాళ్ళు 2018లో జీసీసీ 4.6 కంటే పాతవాటిని వదిలేశారు. 2021లో కనీసం 5.1 ఉండాలన్నారు. 2022లో సీ11కి మారారు. ఆకాశమేం ఊడిపడలేదు.

మా వేల్పూర్ వైపు ఒకప్పుడు పసుపుని పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవాళ్ళు, తర్వాత ఆవిరి బాయిలర్లొచ్చాయి. బాయిలర్ నడుస్తుంటే పక్కన ఖాళీ కడాయి కింద కూడా మంట పెడతానంటే మా రైతు ఊరుకోడు, "గిదెందుకుర?" అంటాడు. మనం అడగట్లేదు.

కస్టమర్ దగ్గర నిజంగానే పాత కంపైలర్ ఉందా? సరే, ఉంచండి. కానీ రోజూ రాత్రి బిల్డులో దాన్ని కూడా నడపండి. బిల్డు మెషీన్లో లేని కంపైలర్‌కి కోడులో చోటు లేదు, అంతే.

తీసేటప్పుడు ఒక్కో కంపైలర్‌కి ఒక్కో కమిట్, అందులో వేరే పని కలపొద్దు. ముందూ తర్వాతా ప్రీప్రాసెసర్ అవుట్‌పుట్ తీసి, లైన్ నంబర్లు పక్కనపెట్టి పోల్చండి. తేడా లేకపోతే భయం దేనికి? తేడా ఉంటే, అక్కడే మీ బగ్గు ఉండొచ్చు. అవసరమైతే వెనక్కి తెచ్చుకోడానికి సోర్స్ కంట్రోల్ ఉండనే ఉంది.

ఏమంటారు?