మంచాన పడితేనే వైద్యమా?

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి ఊళ్లలో మందు అన్న మాటకు చాలా అర్థాలున్నాయి. మందు కొట్టాడంటే పత్తికో మిరపకో పిచికారీ చేశాడని. మందు వేసుకున్నాడంటే జ్వరానికి బిళ్ల మింగాడని. ఫలానా ఇంట్లో ఆయన మందు తాగాడంట అని తెల్లవారుజామున కబురొస్తే ఊరు ఊరంతా ఆ ఇంటి ముందు చేరుతుంది. మొదటి రెండు మందులూ అప్పు మీదే వస్తాయి. పురుగుమందుల కొట్టులో ఒక ఖాతా, ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఖాతా. రెండూ తీర్చడానికి తెచ్చిన సొమ్ముకు నూటికి రెండు రూపాయలో మూడు రూపాయలో వడ్డీ. కౌలు రైతు ఇంట్లో సేద్యం అప్పు ఎక్కడ ముగిసిందో, వైద్యం అప్పు ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పడం ఆ ఇంటి ఇల్లాలికి కూడా కష్టం.

1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు ఈ జిల్లాల రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలవరపెట్టాయి. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చేసింది. ఎకరాకు లక్షకు పైగా పెట్టుబడి పెట్టినవాళ్లు పైరును దున్నేసి పక్కకు తప్పుకున్నారు. అప్పుడైనా ఇప్పుడైనా చర్చంతా ధర చుట్టూ, విత్తనం చుట్టూ, పంట బీమా చుట్టూ తిరిగింది. అవి అవసరమే. ఆ ఇళ్ల అప్పుల్లో ఆసుపత్రి వాటా ఎంత అన్న ప్రశ్నకు మాత్రం దక్కాల్సిన చోటు దక్కలేదు.

ఈ పత్రిక అభిప్రాయం స్పష్టం. ఈ రాష్ట్రంలో బతుకుతున్న ప్రతి మనిషికీ, జబ్బు మొదలైన రోజు నుంచే, చేతి డబ్బు ఖర్చు కాకుండా వైద్యం అందాలి. అది ముఖ్యమంత్రుల దయగా కాదు, చట్టం రాసిచ్చిన హక్కుగా అందాలి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది, అది చిన్న విషయం కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టిన ఆ పథకం ఏడాదిన్నర లోపే రాష్ట్రమంతా పాకింది. గుండెకు రంధ్రం ఉన్న పసిపిల్లలు, క్యాన్సర్ సోకిన కూలీలు కార్పొరేట్ ఆసుపత్రి గడప తొక్కగలిగారు. ఆ తరువాత వచ్చిన ప్రభుత్వాలు పేరు మార్చాయే గాని పథకాన్ని ఎత్తేసే సాహసం చేయలేదు. 2023 డిసెంబరులో చికిత్స ఖర్చు పరిమితి 25 లక్షల రూపాయలకు చేరింది. 2025 సెప్టెంబరులో చంద్రబాబు మంత్రివర్గం ఆదాయంతో నిమిత్తం లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు వర్తించే విధానానికి ఆమోదం తెలిపింది. పేదలకే అన్న గీతను చెరిపేసిన ఆ నిర్ణయాన్ని మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.

కానీ ఆ ఆరోగ్యశ్రీ కార్డు ఎప్పుడు పలుకుతుందో చూడండి. మిరపకు మందు కొట్టి వచ్చిన మనిషికి తల తిరుగుతుంది, కడుపులో తిప్పుతుంది. రాత్రి ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెడతాడు. రెండు రోజులు చూసి చిలకలూరిపేటకో నరసరావుపేటకో తీసుకెళతారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, సంచినిండా బిళ్లలు. తగ్గకపోతే గుంటూరు కొత్తపేట ఆసుపత్రులు. అక్కడ మళ్లీ అవే పరీక్షలు, పైన ఒక స్కానింగు. ఇంతదూరం కార్డు జేబులోనే ఉంటుంది. చేర్చుకోవాలి అని డాక్టరు అన్నాక, ఆ జబ్బు జాబితాలో ఉంటేనే దానికి ప్రాణం వస్తుంది. అప్పటికే మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లిపోయింది. 25 లక్షల వైద్యం అవసరమయ్యే కుటుంబాలు ఊరికి ఎన్ని? నెలనెలా బీపీ బిళ్ల, షుగరు బిళ్ల కొనుక్కోవాల్సిన ఇళ్లు ఎన్ని? ఆ బిళ్ల కొనలేక ఆపేసినవాళ్లే నాలుగేళ్ల తరువాత పక్షవాతంతోనో, డయాలసిస్ మంచం మీదో ఆ కార్డుకు అర్హులవుతున్నారు. జబ్బు ముదిరేదాకా ఆగమని చెప్పే ఏర్పాటును ఆరోగ్య రక్షణ అనలేం.

తురకపాలెం దీనికి సాక్ష్యం. ఆ ఊరు గుంటూరుకు కూతవేటు దూరం. 1946 నుంచి వైద్య కళాశాల ఉన్న నగరం అది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. అయినా 2025 జులై, ఆగస్టు నెలల్లో ఆ ఒక్క ఊళ్లో ఇరవై మందికి పైగా చనిపోయారు. సెప్టెంబరు మొదట్లో గాని ప్రభుత్వం అత్యవసర పరిస్థితిగా గుర్తించి, వైద్య బృందాలను పంపి, ఇంటింటికీ పరీక్షలు చేయించలేదు. మట్టిలో, నీళ్లలో ఉండే సూక్ష్మక్రిమి వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అన్న అనుమానం అప్పుడు బయటికి వచ్చింది. ఆ జబ్బు షుగరు ఉన్నవాళ్లను, మట్టిలో పనిచేసేవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. తొందరగా పసిగడితే సరైన యాంటిబయాటిక్‌తో నయమవుతుంది కూడా. ఒకే ఊళ్లో ఇన్ని జ్వరాలేమిటి, ఇన్ని పాడెలేమిటి అని మొదటి వారంలోనే గమనించి పైకి చెప్పే మనిషి కావాలి. రక్తనమూనా తీసి ల్యాబుకు పంపే ఏర్పాటు కావాలి. ఎంత పెద్ద మొత్తం రాసి ఉన్న కార్డయినా ఊళ్లో జ్వరాలు లెక్కపెట్టదు.

ఆ పని చేయాల్సినది ఊరి క్లినిక్, మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ విధానాన్ని ప్రారంభించారు. డాక్టరే క్రమం తప్పకుండా ఊరికి వచ్చి ఓపీ చూడటం, మంచాన ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లడం అందులో అసలు సంగతి. ఏ పార్టీ మొదలుపెట్టిందన్నది మాకు ముఖ్యం కాదు. గోడమీద రంగు, బోర్డు మీద పేరు ఎన్నికలకోసారి మార్చుకుంటే మార్చుకోండి. డాక్టరు ఫలానా రోజు వస్తాడన్న నమ్మకాన్ని మాత్రం మార్చకండి.

ప్రభుత్వాసుపత్రికి జనం ఎందుకు రారో పాలకులకు తెలియనిది కాదు. 2015 ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రిలో ఎలుకలు కరిచి పది రోజుల పసికందు చనిపోయింది. ఆ వార్త ఈ జిల్లాలో ఏ తల్లీ మరిచిపోలేదు. మరుసటి ఏడాది, 2016లో, అదే ఆసుపత్రిలో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. ఆ ఆవరణలోనే ఇవాళ క్యాన్సర్ కేంద్రం నడుస్తోంది. ఎలుకల బోను లేకపోయిందీ, గుండె మార్చగలిగిందీ ఒకే ఆసుపత్రిలో. చేతకాక కాదు, శుభ్రతకూ సిబ్బందికీ రోజువారీ డబ్బు, రోజువారీ పర్యవేక్షణ ఇవ్వక. ఒంగోలు రిమ్స్‌లో అయినా, మండల కేంద్రంలోని పీహెచ్‌సీలో అయినా లోపం ఇదే తీరు. పథకాల సొమ్ములో పెద్ద భాగం ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లే కొద్దీ ఇక్కడి మంచాలు తుప్పు పడుతూనే ఉంటాయి.

ఆపరేషన్‌కు డబ్బు ఇస్తాం, సలహాకు ఇవ్వం అన్నప్పుడు ఆపరేషన్లే పెరుగుతాయి. గర్భసంచి తొలగించుకున్న మహిళలు దేశంలోకెల్లా ఎక్కువ శాతం ఉన్నది మన రాష్ట్రంలోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ముప్పై దాటీ దాటకముందే కడుపు కోయించుకుని మళ్లీ పత్తి తీతకు వెళుతున్న ఆడకూలీలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. తెల్లబట్టకూ నడుంనొప్పికీ ఓపిగ్గా మందిచ్చి చూసే లేడీ డాక్టరు మండలంలో ఉంటే ఈ కోతల్లో ఎన్నో అవసరపడవు.

ఆపరేషన్‌తో పనే లేని జబ్బులూ ఉన్నాయి. దర్శి, పొదిలి, కనిగిరి ఒకప్పుడు నెల్లూరు జిల్లావి. ఆ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడు మనుషుల ఎముకలను వంచేస్తోందని 1937లోనే వైద్య శాస్త్రవేత్తలు ప్రపంచానికి తెలియజెప్పారు. ఉమ్మడి ప్రకాశం పడమటి ఊళ్లలో నడుం వంగిన ముసలివాళ్లు, పళ్లు గారపట్టిన పిల్లలు ఈనాటికీ ఉన్నారు. వాళ్లకు కావలసింది కుళాయిలో మంచినీళ్లు. అందరికీ వైద్యం అని మేం అడిగేటప్పుడు ఆ కుళాయి కూడా అందులో భాగమే.

గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లులో నమోదైన కార్మికుడికి ఈఎస్‌ఐ ఉంటుంది. 1948 నాటి చట్టంతో మొదలైన ఆ ఏర్పాటు అతనికి ఓపీ చూపిస్తుంది, మందులిస్తుంది, జబ్బుతో పనికి రాలేని రోజులకు వేతనంలో కొంత చెల్లిస్తుంది. అదే పత్తిని పొలంలో తీసిన ఆడకూలీకి వీటిలో ఒక్కటీ లేదు. మిర్చి యార్డులో నలభై కిలోల పైచిలుకు టిక్కీ బస్తాలు మోసే హమాలీకీ, ఘాటుకు తుమ్ముతూ దగ్గుతూ తొడిమలు తీసే అమ్మలకూ లేదు. పత్తి ఒకటే, కష్టం ఒకటే. మిల్లు గేటు దాటిందా లేదా అన్నదే తేడానా? 2019 డిసెంబరులో గుంటూరులోనే ప్రారంభించిన ఆరోగ్య ఆసరా, ఆపరేషన్ అయినవారికి కోలుకునే కాలంలో రోజుకు 225 రూపాయలు ఇస్తామంది. కూలి పోయిన రోజుకు పరిహారం కూడా వైద్యంలో భాగమేనని ఒప్పుకున్న ఆ సూత్రం సరైనది. దాన్ని ఆపరేషన్లకే పరిమితం చేయకూడదు.

ఇక బీమా కంపెనీల సంగతి. చంద్రబాబు మంత్రివర్గం ఆమోదించిన కొత్త విధానంలో రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన ప్రభుత్వ ట్రస్టు చెల్లిస్తుందట. పల్లెల నుంచి వచ్చే చికిత్సల్లో అత్యధికం ఆ రెండున్నర లక్షల లోపలివే. అంటే పేదవాడి కేసుల్లో దాదాపు అన్నింటికీ గేటు దగ్గర నిలబడేది కంపెనీయే. క్లెయిము తిరస్కరిస్తే లాభం మిగిలే సంస్థను అక్కడ నిలబెట్టడాన్ని మేం వ్యతిరేకిస్తున్నాం. ఆరోగ్యశ్రీ మొదట బీమా కంపెనీతోనే మొదలైంది, తరువాత ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతికి మారింది. ఆ అనుభవాన్ని వెనక్కి తిప్పడం దేనికి? ఆసుపత్రులకు ప్రభుత్వం బకాయిలు పెట్టింది, నిజమే. వాటికోసం నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో సేవలు ఆపేశాయి, ఆ రోజుల్లో రోగులు రిసెప్షన్ దగ్గర నుంచే తిరిగిపోయారు. దానికి మందు సకాలంలో చెల్లింపు. గడువు దాటితే ఎవరు జవాబు చెప్పాలో చట్టంలోనే రాయాలి.

డబ్బు ఎక్కడిది అని అడిగేవారికి జవాబుంది. 2021-22 లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోతోంది. ప్రభుత్వాలన్నీ కలిసి పెట్టింది జాతీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి రెండున్నర శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం మాట ఇచ్చింది. కాబట్టి ఇది కొత్త ఖర్చు కాదు. ఇప్పటికే జనం పెడుతున్నారు, అదీ జబ్బుపడిన రోజున, వడ్డీకి తెచ్చి. అదే సొమ్మును ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందరి దగ్గరా స్తోమతుకు తగ్గట్టు పన్నుగా తీసుకోమంటున్నాం. థాయిలాండ్ 2002లో ఆ పని చేసింది. 1997లో కరెన్సీ కుప్పకూలిన దెబ్బ నుంచి తేరుకుంటున్న దేశం అది, సంపన్న దేశం కాదు. ఓపీ, మందులు, ఆసుపత్రి అన్నీ కలిపి, జిల్లా, గ్రామీణ ఆసుపత్రులను ముందు పెట్టుకుని పన్నుల సొమ్ముతో నడిపింది. ఉచితమంటే జనం ఊరికే ఎగబడతారన్న భయమూ వద్దు. కోతల కాలంలో ఒక రోజు కూలి వదులుకుని సరదాకు ఆసుపత్రికి వచ్చే మనిషి ఈ ప్రాంతంలో లేడు.

స్వాతంత్య్రానికి ముందే, 1946లో, భోర్ కమిటీ చెప్పిందీ ఇదే: డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరించకూడదు. 1996లో సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం వేసిన కేసులో అత్యవసర వైద్యాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది, నిధుల్లేవన్న సాకును ఒప్పుకోలేదు. రైలు నుంచి పడి దెబ్బ తగిలిన కూలీని ప్రభుత్వాసుపత్రులు ఒకటి తరువాత ఒకటి తిప్పి పంపిన కేసు అది. 2023లో రాజస్థాన్ శాసనసభ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. ఆరోగ్యశ్రీతో దేశానికి దారి చూపామని చెప్పుకునే మన శాసనసభ ఎందుకు చేయదు?

ఆ చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. సంక్రాంతి వెళ్లాక మిరప కోతలు ఊపందుకుంటాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి, కర్ణాటక నుంచి పిల్లాపాపలతో కుటుంబాలకు కుటుంబాలే ఈ పొలాలకు దిగుతాయి. వాళ్ల కార్డులు సొంతూళ్లో ఉంటాయి, వాళ్ల పేర్లు ఇక్కడి ఆశా కార్యకర్త పుస్తకంలో ఉండవు. తెల్లారకముందే ఆటోలెక్కి పొలానికి వెళ్లి, పొద్దుగుంకాక తిరిగొస్తారు. వాళ్లు వచ్చేసరికి పీహెచ్‌సీ ఓపీ మూతపడి ఉంటుంది, ఆర్‌ఎంపీ మాత్రం సంచి పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. మన మందులపెట్టె ఖాళీ అయి కాదు, మన వేళలు వాళ్ల వేళలు కాకపోవడం వల్లే ఆ కూలీ అతని దగ్గరికి వెళుతోంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం కలెక్టర్లు నలుగురూ కూర్చుని, కోతలు ముగిసేదాకా మిరప మండలాల్లో రాత్రి తొమ్మిదింటి వరకు ఓపీ తెరిపించాలి. ఏ ఊరు, ఏ కార్డు అని అడక్కుండా పేరు రాసుకుని మందివ్వాలి. దానికి ఒక్కో పీహెచ్‌సీకి రెండో షిఫ్టు డాక్టరు, ఒక నర్సు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ చాలు. డిసెంబరులోగా ఉత్తర్వు ఇవ్వండి.