నత్తి వేరు, తడబాటు వేరు

హాస్టల్లో ఎవరికైనా మాట తడబడితే సాయంత్రానికల్లా పేరు పెట్టేస్తారు. ఇంగ్లీషు మీడియం వచ్చాక ఈ పేర్లు మరీ పెరిగాయి. తెలుగులో గలగలా మాట్లాడేవాడు ఇంగ్లీషులో రెండుసార్లు ఆగితే వాడూ 'నత్తోడే'. దీన్ని మేము ఒప్పుకోం.

"ఐ గో... ఐ వెంట్..." అని సరిచేసుకోవడం నత్తి కాదు, మాట కోసం వెతుకులాట. నత్తి ఉన్నవాడికి చెప్పాల్సిన మాట బాగా తెలుసు, కానీ బయటికి రాదు. మొదటి అక్షరం క-క-క అని తిరుగుతుంది, లేదా గొంతు బిగుసుకుపోతుంది. ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడే మన మిత్రులను ఒకే భాష కొలతతో కొలవడం ఏం న్యాయం? 2015లో అమెరికాలో స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలను పరిశీలిస్తే, నత్తి లేనివాళ్లు కూడా ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలకు పెట్టిన హద్దు దాటి తడబడ్డారు.

రెండు భాషల వల్లే నత్తి వస్తుందనే మాట పాతది. 1937లో అమెరికాలోని ఈస్ట్ షికాగో బడుల్లో 4,827 మందిని చూసి, ఒక భాష పిల్లల్లో 1.8 శాతం, రెండు భాషల పిల్లల్లో 2.8 శాతం మందికి నత్తి ఉందని తేల్చారు. అందులో వెతుకులాట ఎంత కలిసిందో అని మా అనుమానం. మన పొరుగున కన్నడం మాత్రమే వచ్చినవారినీ, కన్నడం, ఇంగ్లీషు రెండూ వచ్చినవారినీ పోల్చి జయరామ్ 1983లో ప్రచురించిన పరిశోధనలో, ఏ ధ్వనుల దగ్గర నత్తి వస్తుందన్న తీరు ఇద్దరిలోనూ దాదాపు ఒకటే.

తేడా లేదని కాదు. రెండు భాషలవారికి నత్తి సాధారణంగా రెంటిలోనూ ఉంటుంది, కానీ సమానంగా కాదు. పట్టు తక్కువున్న భాషలో ఎక్కువని సింగపూర్‌లో 2008లో గమనించారు. ఇంకొకటి: తెలుగు మాట అడ్డుపడితే ఇంగ్లీషు మాట వేసి తప్పించుకోవచ్చు. 'నీళ్లు' రాకపోతే 'వాటర్'. ఒక్క భాషవాడికి ఈ దారి లేదు. అందుకే స్పీచ్ థెరపిస్టు రెండు భాషల్లోనూ వినాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రానికి తీసుకెళ్లవచ్చు. ఇంగ్లీషు మాన్పించడం మాత్రం వైద్యం కాదు.

సొంత పేరుకు మాత్రం మారుమాట లేదు. ప్రార్థనలో అందరితో కలిసి పాడేటప్పుడు నత్తి రాదు, అటెండెన్సులో పేరు చెప్పమంటే వస్తుంది. "పాడేటప్పుడు లేనిది ఇప్పుడెక్కడిది, నాటకాలా?" అంటారు. కాదు సార్, నత్తి స్వభావమే అంత. అలాంటి విద్యార్థి చెయ్యెత్తితే చాలని వార్డెన్ గారు ఈ ఏడు నుంచే అనుమతించాలని మా కోరిక.